మా పడుగు మీద ఎవరి చెయ్యీ పడొద్దన్నాను

మా వాడలో ఆ సంగతి ఎవరు చెప్పినా నేనన్న మాటతోనే మొదలుపెడతారు. అంతకుముందు నన్నన్న మాట ఒక్కరికీ గుర్తుండదు. అందుకే నేనే రాస్తున్నాను.

అరవైల మొదట్లో, రామన్నపేట దగ్గరి మా ఊళ్లో, మగ్గానికెక్కించే పడుగుకు గంజి పట్టించే పని వీధిలోనే జరిగేది. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు నూలు పోగుల్ని లాగి కట్టి, గంజి పట్టించి, ఇద్దరిద్దరు చెరోపక్క పెద్ద కుంచె పట్టుకొని దువ్వుతూ నడిచేవారు. ఎండ ముదిరేలోగా దువ్వడం అయిపోవాలి. లేకపోతే పోగులు ఒకదానికొకటి అంటుకొని చెక్కలా బిగుస్తాయి. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అయినా ఎవరూ ఎవరినీ పిలిచేవారు కాదు. వీధిలో పడుగు కనిపిస్తే చాలు, వచ్చి చెయ్యి వేసేవారు.

ఆ రోజు పడుగు మా పక్కింటి పెదబాపుది; మా బాపుకు, అంటే నాన్నకు, అన్న వరస. నాకు పెళ్లయి మూడు నెలలు. ఆయనకెదురుగా కుంచె నేనే పట్టాను. నా అడుగు కాస్త వెనకబడింది. ఆయన ఆగి, అందరికీ వినబడేలా అన్నాడు.

“మీ ఇంట్ల మగ్గం నీ పెండ్లామే నేస్తాందట గదరా. నువ్వు కండెలు చుడుతున్నవట. గందుకే చెయ్యి గింత మెత్తగైంది.”

నూలు కండెలు చుట్టడం మా వాడలో ఆడవాళ్ల పని. వీధంతా నవ్వింది. మా మామగారు చుట్టపుచూపుగా వచ్చి మా అరుగు మీద కూర్చొని ఉన్నారు. ఆయనా నవ్వారు. అది నేను మరిచిపోలేదు.

కుంచె వదిలేశాను. “ఇగ మా పడుగు మీద నీ చెయ్యి పడొద్దు పెదబాపూ” అన్నాను. ఆ మాట తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. అక్కడ ఆగితే సరిపోయేది. చెవుల్లో నవ్వు ఇంకా ఆగలేదు. “నీదే కాదు, ఈ వాడల ఎవ్వలిదీ పడొద్దు” అని కూడా అనేశాను.

ఎనిమిదో రోజు మా పడుగు వీధికెక్కింది. చేనేత సొసైటీ ఇచ్చిన నూలు అది. పాడుచేస్తే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు, వానకాలమంతా మగ్గం ఖాళీ. గంజి పట్టించాం. కుంచెకు ఒకపక్క బాపు, ఒకపక్క నేను. తెగిన పోగులు అతుకుతూ నా భార్య. తలుపులు తెరుచుకున్నాయి. మనుషులు చెంబులతో బయటికొచ్చారు, చూశారు, లోపలికి పోయారు. ఈ చివర దువ్వుతుంటే ఆ చివర బిగుస్తోంది. అటు ఉరికితే ఇటు. ఎండ ఇళ్ల కప్పులు దిగి వీధిలోకి వచ్చేసింది.

బాపు నన్ను తిట్టినా బాగుండేది. కుంచె కింద పెట్టి, పోయి పెదబాపు గుమ్మం ముందు నిలబడ్డాడు.

“పడుగు ఎండుతాంది అన్నా. రా.”

అంతే. పిలగాడు తెలవక అన్నడని చెప్పలేదు. మాఫీ అడగలేదు. నా తరఫున తల వంచలేదు, నన్ను తక్కువా చేయలేదు. తర్వాత పక్క గుమ్మం. పిలిచే వరుస మార్చి అదే మాట. ఆ పక్కది. మళ్లీ అదే.

వచ్చారు. అందరికంటే ముందు పెదబాపే వచ్చి నాకెదురుగా కుంచె పట్టాడు. ఆయనతో అనాల్సింది ఎనిమిది రోజులుగా నా నాలుక మీదే ఉంది. నోరు తెరిచాను. కాళ్ల పక్కన నూలు ఆరిపోతోంది.

“కుడి దిక్కు పోగు తెగింది” అన్నాను.

ఆయన వంగి అతికాడు. మళ్లీ నడిచాం.

ముప్పాతిక పడుగు దక్కింది. బిగుసుకుపోయిన భాగం నన్నే నేయమన్నాడు బాపు. పోగు ఊరికే తెగేది, మూరెడు నేయడానికి పూటంతా పట్టేది. అతుకుతూ కూర్చొని, నేనన్న ఆ రెండో మాట ఎవరికి తగలాలని అన్నానా అని వెతికాను. వాడంతా వెతికినా ఒక్కరూ దొరకలేదు. మొదటి మాట మాత్రం పెదబాపుకే. ఆయన తాను నన్నన్న మాట సంగతి చివరిదాకా ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని నేను చాలా ఏళ్లు చూశాను.