వంచినా కదలని జెల్లీ

పుడ్డింగత్త అన్న పేరు ఆవిడకు పిల్లలు పెట్టింది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో తీపి ట్రేల దగ్గర నిలబడి నిలబడి జుట్టు నెరిపించుకున్న మనిషి. పని మానేసి ఇంట్లో కూర్చున్నా క్యాంటీన్ పెత్తనం మాత్రం మానలేదు. ఎవరేం చెప్పబోయినా సగంలోనే "తెలుసులే" అనేసేది. నిజంగానే చాలా తెలుసు, కాదనను. తెలియని ఆ ఒక్కటే కొంప ముంచింది.

వసంతంలో పండగ సెలవు వస్తే ఆవిడ చేతికి పని తగిలేది. పొయ్యి మీద పాలు కాగడం, ఫ్రిజ్ తలుపు పడటం తప్ప ఆ వంటింట్లో ఇంకో హడావుడి ఉండేది కాదు. "ఓవెన్ ముందు కూర్చుని జపం చేసే ఓపిక నాకు లేదు తల్లీ" అనేది. పాలలో పొడి కలిపి కాచిన కస్టర్డ్, బిస్కెట్లు పరిచి మీద క్రీమ్ పోసిన పుడ్డింగు, వేడినీళ్ళలో కరిగించి చల్లబెట్టిన జెల్లీ. ఈ మూడూ చేస్తే టేబుల్ నిండినట్టే. ఏది చేసినా ఆవిడ పరీక్ష ఒకటే. ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసి పక్కకు వంచి చూసేది. అంచు దగ్గర కాస్త వణికినా మళ్ళీ లోపలికి పంపించేది. "వంచితే బెదరకూడదు. అప్పుడే వడ్డన" అనేది.

ఆ పరీక్ష నేర్పింది వాళ్ళన్నయ్యే. తండ్రి పోయాక చెల్లెల్ని పెంచింది ఆయన. బస్సు డ్రైవరుగా చేరిన కొత్తలో ఒకరోజు ఎర్ర జెల్లీ పొడి ప్యాకెట్ తెచ్చాడు. ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడిది? చేపల కొట్టు దగ్గర ఐసుగడ్డ అడిగి తెచ్చి, బకెట్లో వేసి, దాని మీద స్టీలు గిన్నె పెట్టారు. చెల్లెలు ఆత్రంగా చెంచా ముంచబోతే, "ఆగవే తిండిపోతా! వంచి చూడు, గట్టిపడిందో లేదో" అన్నాడు. వంచింది. సగం ఒళ్ళో పడింది. మిగిలిన సగం ఇద్దరూ షర్బత్తులా తాగేసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

అలాంటి అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, మింగే శక్తి కూడా సగం పోయింది. భార్య ఎప్పుడో పోయింది, కూతురేమో పొద్దంతా బట్టల కొట్లో పని. దాంతో ఆసుపత్రి నుంచి నేరుగా చెల్లెలింటికే తెచ్చారు. హాల్లో కిటికీ పక్కన మంచం, మంచానికి అడ్డంగా తెర. తినేటప్పుడు ఆ తెర వేసి తీరాల్సిందే. మూతి వంకర పోయి, తిన్నది గడ్డం మీద కారుతుంటే ఎవరి కంటా పడటం ఆయనకు ఇష్టం లేదు. ఎడమచేత్తో తెర లాక్కుని, గోడవైపు తిరిగి తినేవాడు. బస్సు నిండా జనాన్ని కూర్చోబెట్టుకుని, వెనక్కి తిరిగి మరీ జోకులు వేసిన మనిషి.

మింగడం నేర్పే అమ్మాయి ఒకతె ఇంటికొచ్చేది. నీళ్ళు, టీ అన్నిటిలోనూ చిక్కబరిచే పొడి కలపడం చూపించింది.

"చెంచా ఇలా వంచి చూడండమ్మా. ధారగా కారిందంటే ఇవ్వొద్దు. పల్చటివి గొంతు దగ్గర దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకో సంగతేంటంటే, చూడ్డానికి గట్టిగా ఉన్నా కొన్ని..."

"తెలుసులే అమ్మా! ఏది గట్టిదో ఏది పల్చనిదో నువ్వు నాకు చెప్పాలా? నా బతుకంతా వంచి చూడటంలోనే గడిచింది" అంది పుడ్డింగత్త.

ఆ అమ్మాయి నవ్వేసి బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఇంకా వేరే ఇళ్ళు తిరగాలి పాపం. పెద్దావిడతో వాదన ఎందుకనుకుంది కాబోలు.

ఆ ఏడు పండగకి పుడ్డింగత్తకు ఒకటే పట్టుదల. ఆరు నూరైనా అన్నయ్య తెర ఇవతలికి రావాలి, టేబుల్ దగ్గర కూర్చుని అందరితో కలిసి తినాలి. మేనకోడలు సందేహిస్తూనే ఉంది. "వద్దత్తా, నాన్న సిగ్గుపడతాడు. బలవంతం చేయకు" అంది.

"నేను చేసింది చూసి రానంటాడా? చూద్దాంలే" అని మంచం మీద ప్యాకెట్లన్నీ పరిచింది. "ఏది చేయమంటావ్ అన్నయ్యా?"

ఆయన ఎడమచెయ్యి వాటి మీద తడుముకుంటూ పోయి ఎర్ర జెల్లీ ప్యాకెట్ మీద ఆగింది. చెయ్యి గిన్నెలా చేసి పక్కకు వంచాడు. ఆవిడకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "వంచుతాలే! ఈసారి ఒళ్ళో పోసుకోను" అంది.

పండగనాడు ఆయన వచ్చాడు. ఆయన అల్లుడు ఒకవైపు, ఆవిడ ఒకవైపు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. మెడకు తువ్వాలు కట్టారు. మొదట కస్టర్డు పెట్టింది, బాగానే దిగింది. తర్వాత జెల్లీ గిన్నె తెచ్చి అందరి ముందూ వంచి చూపించింది. "చూశారా, బెదిరిందా?" పిల్లలు చప్పట్లు కొట్టారు. అన్నయ్య నోట్లో చెంచా పెట్టింది. ఆయన మింగాడు. దగ్గలేదు, పొలమారలేదు. మళ్ళీ నోరు తెరిచాడు. గడ్డం మీద ఎర్రగా కారుతున్నా తెర కోసం చూడలేదు. ఇటుపక్క కూతురు కూడా రెండు చెంచాలు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు తోముతూ పుడ్డింగత్త కూనిరాగం తీసింది. ఆ ఇంట్లో అంత సంతోషం మళ్ళీ రాలేదు.

పండగ వాసన ఇంకా పోకముందే అన్నయ్యకు జ్వరం అందుకుంది. ఊపిరి తీస్తుంటే లోపల గురగురమని చప్పుడు. ఆసుపత్రికి పరుగెత్తారు. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు డాక్టర్లు. అక్కడికే వచ్చింది మింగడం నేర్పే అమ్మాయి.

"పండక్కి ఏం తిన్నారమ్మా?"

"కస్టర్డు, జెల్లీ. రెండూ గట్టిగానే ఉన్నాయి. నేనే వంచి చూశాను."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "జెల్లీ పెట్టారా? నోటి వేడికి అది కరిగి నీళ్ళైపోతుందమ్మా. ఆయన గొంతుకేమో స్పర్శ లేదు, తప్పుదారి పట్టినా దగ్గు రాదు. చప్పుడు లేకుండా లోపలికి పోతుంది."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అని గయ్యిమంది పుడ్డింగత్త.

ఆ అమ్మాయి తల వంచుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు, ఆ మాటకు ఎక్కడ అడ్డుపడిందో.

అయినా మొండి మనిషి కదా, నమ్మలేదు. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో మిగిలిన జెల్లీ గిన్నె తీసింది. వంచింది. కదల్లేదు. ఒక ముక్క నోట్లో వేసుకుని, నమలకుండా మింగకుండా సింకు దగ్గర నిలబడింది. కాసేపు ముక్కలాగే ఉంది. ఆ తర్వాత నాలుక మీద అంచులు జారాయి, చూస్తుండగానే తియ్యటి నీళ్ళయి నాలుక కిందికి చేరింది. ఇన్నేళ్ళుగా తిన్నదే. అయినా అది నోట్లో ఏమవుతుందో ఏనాడైనా చూసిందా? గిన్నెను చూసింది గానీ! ఉమ్మేసి నేల మీద కూలబడింది. "నా చేతులతో నేనే పోశాను అన్నయ్యా, నేనే పోశాను" అని తల బాదుకుంటూ ఏడ్చింది.

ఆసుపత్రికి వచ్చిపోయేవాళ్ళంతా ఓదార్చడమే. "పండక్కి నీ చేత్తో తృప్తిగా తిన్నాడమ్మా, అంతకన్నా ఏం కావాలి" అనేవారు. అన్న ప్రతిసారీ ఆవిడ గుండెల్లో గునపం దిగేది. అసలు సంగతి మేనకోడలికి చెబుదామని నోటిదాకా తెచ్చుకునేది. ఆ పిల్ల కూడా రెండు చెంచాలు పెట్టిందన్నది గుర్తొచ్చి నోరు మూసుకునేది. నిందంతా తన ఒక్కదానిదే అయితే ఎంత బాగుండు అనుకునేది.

మందులు పని చేయలేదు. తిండి కోసం ముక్కులో గొట్టం పెడితే ఎడమచేత్తో లాగేశాడు. మళ్ళీ పెడితే మళ్ళీ లాగేశాడు. చివరికి పెద్ద డాక్టరు అత్తనూ మేనకోడలినీ పక్కకు పిలిచాడు. "ఇక మనం చేయగలిగింది లేదమ్మా. ఆయన్ని బాధ పెట్టొద్దు. ఇష్టమైనది అడిగి పెట్టండి. ఇప్పుడు దేనికీ భయపడక్కర్లేదు" అన్నాడు.

కూతురు మంచం మీదికి వంగింది. "నాన్నా, ఏం తింటావ్?"

ఆయన ఎడమచెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చింది. గిన్నెలా ముడుచుకుని, మెల్లగా పక్కకు వంగింది.

"ఏమంటున్నాడత్తా?"

"నాకు తెలుసు" అంది పుడ్డింగత్త. ఆ మాట ఆవిడ అంత నీరసంగా అనడం ఎవరూ ఎన్నడూ వినలేదు.

ఇంటికెళ్ళి ముందు మోసం చేయబోయింది. చిక్కటి కస్టర్డులో ఎర్రరంగు కలిపి తెచ్చింది. అది నోట్లో నీళ్ళవదు. ఆయన ఒక చెంచా రుచి చూసి, నాలుకతో బయటికి నెట్టేసి, చెల్లెలి వంక చూశాడు. మళ్ళీ చెయ్యి వంచాడు. ఎవరిని మోసం చేస్తుంది? మళ్ళీ వెళ్ళి అసలుదే చేసింది. నీళ్ళు కాచి, పొడి కలిపి, ఫ్రిజ్ ముందే స్టూలు వేసుకుని కూర్చుంది. గట్టిపడకపోతే బాగుండునని మొదటిసారి కోరుకుంది. అది చక్కగా గట్టిపడింది.

గిన్నె తెచ్చేసరికి మేనకోడలు మందుల కోసం కిందికి వెళ్ళింది. ఆవిడ మంచం పక్కన కూర్చుని ఆయన చూస్తుండగా గిన్నె వంచింది. బెదరలేదు. ఆయన మూతి ఎడమపక్క కాస్త లేచింది, నవ్వన్నమాట.

"అన్నయ్యా, ఇది నోట్లో నీళ్ళైపోతుందట. పండగనాడు పెట్టిందే నీ లోపలికి పోయింది. ఆ పిల్ల చెప్పబోతే తెలుసులే అన్నాను. నన్నేం చేసినా పాపం లేదు."

ఆయన చాలాసేపు ఆవిడనే చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

పెట్టింది. రెండో చెంచా తీస్తే ఆయన నోరు తెరవలేదు. ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని, చెంచాను ఆవిడ నోటివైపు తోశాడు. కలిసి తినమని. ఆవిడ నోట్లో వేసుకుంది. ఇద్దరూ నోళ్ళు మూసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, అది కరిగేదాకా ఉన్నారు. ఇద్దరూ మింగారు. ఆవిడది పొట్టలోకి పోయింది. ఆయనది ఎక్కడికి పోయిందో ఈసారి ఆవిడకు తెలుసు. ఆయన మళ్ళీ నోరు తెరిచాడు. ఆవిడ ఇంకో చెంచా తీసింది.