ఆశ్చర్యం లేని చోట

ఇంగ్లండ్‌లోని హాథర్‌క్లఫ్ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించే డోరిన్ సగ్డెన్‌కు ఊళ్లో ఇంకో పేరుంది: లో అండ్ బిహోల్డ్. వారపత్రికలో ఊరి కబుర్లు రాసేది ఆవిడే. ఏ కబురు రాసినా ఎక్కడో ఒకచోట, 'తీరా చూస్తే' అని అర్థమొచ్చే ఆ ఇంగ్లీషు మాట పడేది. పాదిరిగారి కళ్లజోడు కోసం ఇల్లంతా తిరగేశారు, లో అండ్ బిహోల్డ్, అది హార్మోనియంలో ఉంది. మన చర్చిల్లో "ఇదిగో" అన్నట్టే, అదీ ప్రసంగ పీఠం మీంచి వీధిలోకి దిగిన మాట.

అయినా దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడేది కాదు. మగ్గం మీద పనిచేస్తూ ఆదివారాలు ప్రసంగాలు చెప్పిన తండ్రి ఆవిడకు ఒకటే నేర్పాడు: ఎవరికీ తెలియనిది బయటపడితేనే ఆ మాట అనాలి. ఓసారి చేపల వేపుళ్ల అంగట్లో ఆర్నల్డ్ అనే ఆయన, కూరగాయల పోటీలో తన క్యాబేజీకి బహుమతి వచ్చిన కబురులో అది చేర్చమని బతిమాలాడు.

"ఏటా నువ్వేగా గెలిచేది. అందరికీ తెలిసినదానికి బిహోల్డ్ ఎందుకయ్యా? ఒక్కసారి ఓడిపో, పెద్దక్షరాల్లో రాస్తా" అంది డోరిన్.

వరసలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు.

ఆ శీతాకాలం ఉన్ని మిల్లులో నేతశాల పైకప్పు కూలింది. డోరిన్ పక్కింట్లో ఉంటూ అక్కడ మగ్గం నడిపే ఐవీ కాలు దూలం కింద నలిగింది. ఆ దూలం వంగిందని ఐవీ మేనేజరుకు చెబుతూనే ఉంది. కారే నీళ్లకు బకెట్లు పెట్టి, వాటి మధ్యనే ఆడవాళ్లు మగ్గాలు నడిపారు. మిల్లు యజమానులు పని ఆపలేదు.

డోరిన్ బకెట్లతో సహా అన్నీ రాసి పంపింది. అచ్చులో బకెట్లు లేవు. "ప్రశాంతమైన ఉదయం, లో అండ్ బిహోల్డ్, కప్పు కూలింది" అని మాత్రం ఉంది, ఆవిడ పేరుతో.

ఆసుపత్రిలో ఐవీ ఆ పత్రికను దుప్పటి మీద పరిచింది.

"ఇది నువ్వే రాశావా?"

"కాదు."

"పేరు నీదేగా."

డోరిన్ అక్కణ్ణుంచి నేరుగా పత్రిక ఆఫీసుకు వెళ్లింది. సంపాదకుడు హెప్‌వర్త్‌ను కలిసి సవరణ వేయమంది. మిల్లు ప్రకటనలు లేకపోతే పత్రికే లేదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. పైగా ఆ మాట ఆవిడదే కదా, పాఠకులకు ఇష్టం కదా అన్నాడు. బయట ఎక్కడైనా దీని గురించి నోరు విప్పితే ఊరి కబుర్లకు ఇంకొకరిని చూసుకుంటానన్నాడు.

టౌన్‌హాల్లో విచారణ జరిగింది. తేలాల్సింది ఒక్కటే: కప్పు కూలుతుందని యజమానులకు ముందే తెలుసా, లేదా. తెలియదంటే అది దురదృష్టం. తెలుసంటే ఐవీ కాలు వాళ్ల తప్పు. మేనేజరు తనకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు. మిల్లు వకీలు ఆ వారపత్రిక తీసి, ఊరి మనిషే ఇలా రాసిందని, ఊరివాళ్లకే ఇది ఆశ్చర్యమైతే యజమానులకు ముందే ఎలా తెలుస్తుందని అడిగాడు.

వెనక వరసలో డోరిన్ లేచింది. హెప్‌వర్త్ రెండు కుర్చీల అవతలే ఉన్నాడు. ఆవిడ అటు చూడలేదు.

"అది రాసింది నేను కాదండి. నేనైతే ఆ మాట అక్కడ పెట్టను. ఎవరికీ తెలియనిదానికే అది వాడతారు. ఆ దూలం సంగతి రోజూ మా వీధి గుమ్మాల్లో మాట్లాడుకున్నదే. బకెట్లు పెట్టినవాళ్లు ఇక్కడే కూర్చున్నారు, అడగండి."

విచారణ అధికారి అడిగాడు. ఒక్కొక్కరే లేచి, బకెట్ల సంగతీ, ఐవీ మేనేజరుకు చెప్పిన సంగతీ చెప్పారు. మొదట ముసలివాళ్లు లేచారు, ఆ తర్వాత ఇంకా ఆ మిల్లులోనే పనిచేస్తున్నవాళ్లు. వాళ్లు లేవడం తేలిక కాదు. మేనేజరు తల దించుకున్నాడు. తప్పు యజమానులదేనని తీర్పు వచ్చింది. ఐవీ కాలు మాత్రం మునుపటిలా కాలేదు.

వసంతంలో ఐవీ చేతికర్రతో చేపల వేపుళ్ల అంగడికి వచ్చింది. డోరిన్ ఆవిడకు బల్ల దగ్గర చోటు చూపించింది.

"పత్రికలోంచి తీసేశారటగా నిన్ను?"

"తీసేశారు."

"ఆశ్చర్యపోయావా?"

"లేదు" అంటూ డోరిన్ చేపల మీద చల్లుకునే వెనిగర్ సీసా ఆవిడ వైపు జరిపింది.