నీళ్ళలో వంగిన కత్తి

పాతికేళ్ళు పాలిటెక్నిక్‌లో మెటలర్జీ చెప్పాను. ఎర్రగా కాల్చిన ఉక్కును నీళ్ళలో ముంచితే ఏమవుతుందో బోర్డు మీద ఎన్నోసార్లు గీశాను గానీ, నా చేత్తో ఒక్కసారీ ముంచింది లేదు. రిటైరయ్యాక ఆ లోటు తీర్చుకుందామనిపించింది. పాఠంలో ఏటా చెప్పే జపాన్ కత్తే చేయించాలనుకున్నాను. ఆ కత్తికి వీపు మీద మందంగా, అంచు మీద పల్చగా మట్టి పూసి, కాల్చి, నీళ్ళలో ముంచుతారు. అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగా ఉంటుంది.

జపాన్‌లోని మ్యూజియం ఒకదానికి మెయిలు పెడితే కొన్ని వందల ఏళ్ళ నాటి కత్తి కొలతలు, ఫొటోలు పంపారు. వాటిని బట్టి అట్టముక్క కత్తిరించుకున్నాను. ముందే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, అంచుకు పదును పెట్టనని రాసిచ్చాను. ఎస్సై గారు చదివి, "ఈ వయసులో ఇదెందుకండీ మీకు?" అన్నారు. నవ్వేసి, కాగితం మీద ముద్ర వేయించుకుని వచ్చాను.

ఆటోనగర్‌లో లారీల కింద బరువు మోసే కమాను పట్టీలు సరిచేసే కొలిమి ఒకటుంది. నడిపేది భార్యాభర్తలు. ఆయన పట్టుకారుతో ఇనుము పట్టుకుంటే ఆవిడ సమ్మెట వేస్తుంది. పాత కమాను పట్టీనే సాగగొట్టమన్నాను. నాలుగు రోజుల్లో అట్టముక్కకు సరిపోయేలా తెచ్చారు. నేను కాలవగట్టు మట్టిలో బొగ్గుపొడి కలిపి పూశాను. నీళ్ళ తొట్టి చూసి ఆవిడ సమ్మెట కింద పెట్టేసింది.

"మాస్టారూ, ఇది నీళ్ళలో పెడితే పగులుద్దండి. మేం నూనెలోనే ముంచుతాం."

"పుస్తకంలో నీళ్ళనే ఉందమ్మా."

ఆమె తొట్టి దగ్గర్నుంచి పక్కకు తప్పుకుంది. ఆయన కాల్చి ముంచాడు. టప్పుమని చిన్న చప్పుడు. బయటికి తీస్తే అంచు నుంచి వీపుదాకా మూడు చోట్ల బీటలు.

ఇంటికొచ్చి కూర్చుంటే విషయం తట్టింది. కమాను పట్టీ మామూలు ఉక్కు కాదు, అందులో క్రోమియం ఉంటుంది. నీళ్ళలో అంత వేగంగా చల్లారితే తట్టుకోదు. పరీక్షలో ఎవరైనా అలా రాస్తే సున్నా వేసేవాణ్ణి. సిగ్గేసింది. మర్నాడు వెళ్ళి, "తప్పు నాదేనమ్మా, మీరు ముందే చెప్పారు," అన్నాను.

"చేత్తో పట్టుకునేవాళ్ళకి తెలుసుద్దండీ," అందామె మామూలుగా.

హైదరాబాద్ నుంచి సాదా కార్బన్ ఉక్కు తెప్పించి, మళ్ళీ కత్తిగా సాగగొట్టించి మట్టి పూశాను. ఈసారి ప్రతి పనికీ ముందు ఆవిణ్ణి అడిగాను. నీళ్ళు కొంచెం వేడిచేద్దామంది. ఉక్కు రంగు సరిగ్గా కనపడాలని పట్టపగలే షట్టర్ దించారు. కొలిమి వెలుగులో కత్తి చివరనుంచి మొదలుదాకా ఒకే రంగు వచ్చేవరకు ఆమె ఆయన్ని ముంచనివ్వలేదు. "ఇప్పుడు," అందామె.

తొట్టిలోకి వెళ్ళేటప్పుడు కత్తి తిన్నగా ఉంది. పైకి వచ్చేసరికి వెనక్కి వంగి ఉంది. గట్టిపడిన అంచు సాగి వీపును వంచుతుందని నాకు తెలుసు. అయినా కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"ఎవరూ కొట్టకుండానే వంగిందే," అందామె, చెంగుతో చెమట తుడుచుకుంటూ.

గుణదలలో మా ఇంటి వరండాలో కూర్చుని దాన్ని పదును రాకుండా, మెరుగు కోసం మూడు నెలలు రాళ్ళ మీద రుద్దాను. అంచు వెంబడి, గట్టి ఉక్కూ మెత్తటి ఉక్కూ కలిసేచోట, తెల్లగా, అలలు అలలుగా గీత తేలింది. కొలిమికి తీసుకెళ్ళి చూపించాను. జపాన్‌లో చేసినవాళ్ళు పిడి లోపలికి పోయే ఉక్కు మీద తమ పేరు చెక్కుతారని చెప్పాను.

"కొడవలి మీద ఎవరన్నా పేరేసుకుంటారా?" అని ఆయన నవ్వాడు.

"నాది వెయ్యండి," అందావిడ. "సమ్మెటేసింది నేను."

ఆయన ఉలి తీసుకుని, నేను కాగితం మీద రాసిన అక్షరాలు చూస్తూ ఆమె పేరు చెక్కాడు. తర్వాత దాని కింద తన పేరూ చెక్కుకున్నాడు. ఇద్దరివీ కాస్త వంకరగానే వచ్చాయి. వాటి మీదే చెక్కపిడి బిగించాం.