చేదు చూసిన సొరకాయ

కొండ అంచున నిలబడి ఫోటో దిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నాగార్జున సాగర్ నీళ్ల మీదికి పొడుచుకొచ్చిన బండ ఒకటుంది. దాని కొసన చేతులు చాపి నిలబడి వీడియో తీసుకోవడం ఇప్పుడు మా వైపు పెద్ద మోజు. మిర్యాలగూడ పక్కన వేములపల్లిలో ఉండే మా అక్కకూ ఆ పిచ్చి పట్టింది. కోదాడలో ఉండే తన స్నేహితురాలు ఆ బండ మీద దిగిన ఫోటో చూసినప్పటి నుంచి అక్కకు కాలు నిలవలేదు.

"జర సన్నగైనంక పోతనే. గీ పొట్టతోని ఎక్కితే బండనే వంగుతది," అని నవ్వేది.

సన్నబడే దారి కూడా ఆ స్నేహితురాలే చూపించింది. పొద్దున్నే పరగడుపున పచ్చి సొరకాయ రసం, ఆ తర్వాత రోజంతా పండ్ల ముక్కలు. దీన్ని డిటాక్స్ అంటారట, ఒంట్లోని విషాలన్నీ పోతాయట. వేములపల్లి వరి పొలాల పక్కన కాపురముండి అన్నం మానేసిన మనిషిని నేను మా అక్కనే చూశాను.

కాస్త సన్నబడ్డాక ఒక ఆదివారం అక్కా బావా బండ దగ్గరికి ప్రయాణం పెట్టుకున్నారు. వద్దంటే వినే రకం కాదు. కొంగు పట్టి లాగైనా అంచుకు పోనివ్వకూడదని నేను సూర్యాపేటలో మొదటి బస్సెక్కాను. కళ్లు మూసుకుంటే చాలు, అక్క కాలు జారినట్టే అనిపించేది. నేను వాళ్ల ఇల్లు చేరేసరికి ఆమె వంటింట్లో గ్లాసు కడుగుతోంది.

"ఇయ్యాల రసం విషం లెక్క ఉండెనే. ముక్కు మూసుకొని తాగిన," అంది.

సొరకాయైనా దోసకాయైనా కోసే ముందు తొడిమ దగ్గర చిన్న ముక్క తీసి నాలుకకు తాకించడం మా ఇళ్లలో అలవాటు. చేదు తగిలితే ఆ కాయ పెంటకుప్పకే. బర్రెకు కూడా వెయ్యం. నాకు ఆ అలవాటు నేర్పింది అక్కే. చిన్నప్పుడు చేదు చూడకుండా కత్తి పెడితే నా చేతి మీద ఒక్కటి వేసేది.

"చేదుంటే పారెయ్యాలె గదా అక్కా?" అన్నాను.

"గది కూరకే. దీనికి ఎంత చేదుంటే గంత మంచిదట."

చీర మార్చుకుంటుండగానే వాంతులు మొదలయ్యాయి. దవాఖానకు పోదామని బావ చెప్పులేసుకున్నాడు. అక్క ముందు కోదాడకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "ఏం కాదక్కా, లోపలున్న విషాలన్నీ బయటకొచ్చేస్తున్నాయి. మంచిదే," అంది స్నేహితురాలు. అక్క బాత్‌రూం గోడ పట్టుకుని మా వైపు చూసింది. "ఇన్నరా? పోనియ్, అంత పోవాలె," అంది. ఆ ముఖంలో ఎంత నమ్మకమో!

వాంతిలో రక్తం కనబడ్డాక ఇక ఆమె మాట మేం వినలేదు. దవాఖానలో డాక్టరు ఏం తిన్నదని అడిగితే చెప్పాను. చేదెక్కిన సొరకాయ విషమేనన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. తెల్లారేసరికి అక్క లేదు. బండకు భయపడి బయల్దేరిన నేను, ఆమె బండ చూడకముందే ఆమెను పోగొట్టుకున్నాను.

పదకొండో రోజు వంటకు ఆడవాళ్లందరం కూరగాయలు ముందేసుకుని కూర్చున్నాం. కోదాడ స్నేహితురాలు కూడా వచ్చింది. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. నేనైతే ఆమె ముఖం కూడా చూడదలుచుకోలేదు. వంటమనిషి తెలియక కుప్పలో సొరకాయలు కలిపాడు. వాటి మీద ఎవరి చెయ్యీ పడలేదు. చివరికి ఆమే ఒకటి తీసుకుంది.

తొడిమ కోసింది. చిన్న ముక్క తీసి, మేమందరం చేసినట్టే, నాలుకకు తాకించింది.

"చేదు లేదు," అంది మెల్లగా.

అంటే ఆమెకూ తెలుసు. తెలిసే రసానికి చేదు మంచిదని నమ్మింది, అక్క కూడా తెలిసే తాగింది. నాకు ఆమెను కొట్టాలనిపించింది. లేచి వెళ్లి ఆమె పక్కన కూలబడి గట్టిగా ఏడ్చేశాను.