సరోజక్క హాజరు

మొన్న మా ఆవిడకు చీర తీసుకుందామని ప్రొద్దుటూరు వెళ్ళాను. అంగళ్ళ వీధి దాటి లోపలి సందులోకి తిరిగానో లేదో, మరమగ్గాల చప్పుడు టకటకమని చెవిన పడింది. నేను చటుక్కున పక్కనున్న గోడకు ఆనుకుని నిలబడిపోయాను. మా ఆవిడ కాస్త ముందుకు పోయి వెనక్కి చూసి, "ఏమైంది? కండ్లు తిరుగుతాండాయా?" అని అడిగింది. కళ్ళు తిరగలేదు. ఆ చప్పుడు వింటే గోడచాటుకు పోవడం నాకు పాత అలవాటు. అది సరోజక్క ఇంటి పక్క చప్పుడు. సరోజక్క మా కెప్టెన్.

కెప్టెన్ అంటే, ఫోన్లో ముగ్గురేసి జట్టు కట్టి ఆడే తుపాకుల ఆటకు. నేనప్పుడు డిగ్రీ ముగించుకుని లింగాలలో మా చీనీ తోట, అదే బత్తాయి తోట, చూసుకుంటున్నాను. చూసుకుంటున్నాను అనడం మర్యాదకు. మా ఇంట్లో మా నాయన మాటే మాట. నీళ్ళు ఏ పాదుకు కట్టాలో కూడా ఆయన చెప్పాల్సిందే. సాయంత్రం ఫోను పట్టుకున్నప్పుడు తప్ప నా బుర్రతో నేను చేసే పని ఒక్కటీ ఉండేది కాదు. అలాంటి ఒక సాయంత్రం, ఆట తనంతట తానే ముక్కూ మొహం తెలియని ముగ్గురిని ఒక జట్టులో వేసింది. అందులో ఒకటి ఆడగొంతు. ఆ గొంతు వెనకాల ఎడతెగని కాల్పులు. నేను ఆటలో ఒక బండరాయి చాటున బోర్లా పడుకున్నాను.

"రేయ్ నాయనా, ఆ రాయి ఎనక పండుకొని ఏం చేస్తాండావు?"

"కాలుస్తాండారు కదక్కా!"

"కాల్చేదెవురప్పా? మా పక్కింటి మగ్గాలవి. లెయ్యి!"

మూడోవాడు పగలబడి నవ్వాడు. వాడు జిలాన్, జమ్మలమడుగులో ఫోన్లు బాగుచేసే అంగడి వాడిది. ముగ్గురిదీ ఒకే జిల్లా అని మాటతీరులోనే తెలిసిపోయింది. ఆ రోజు నుంచి మేము ఒక జట్టు.

సరోజక్క ప్రభుత్వ బడిలో టీచరు. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు, నేత చీర. కొడుకు ఫోనుకు ఎందుకంత అతుక్కుపోతున్నాడో చూద్దామని ఆట నేర్చుకుందట. కొడుక్కి మొహం మొత్తి వదిలేశాడు, ఈమె వదల్లేదు. బడి అలవాటు మాత్రం ఆటలోకి వెంట తెచ్చుకుంది. ఆట మొదట్లోనూ, మధ్య మధ్యలోనూ "హాజరు!" అనేది. అప్పుడు మేము ఎక్కడున్నామో, గాయాల మందా తూటాలా ఏం తక్కువైందో చెప్పాలి. నాకు ఒళ్ళు మండేది. కెప్టెన్ అంటే మా నాయనలాగా గట్టిగా అరిచి చెప్పేవాళ్ళని నా లెక్క. ఒకసారి అడిగేశాను కూడా.

"ఏం చెయ్యాల్నో చెప్పకుండా ఊరికే మమ్మల్నే అడుగుతావేందక్కా?"

"నువ్వు యాడుండావో తెలీకుండా యాడికి పొమ్మని చెప్పేదప్పా?"

ఇంకో సంగతి. మమ్మల్ని ఇంత అడిగే మనిషి తన లోటు ఎప్పుడూ చెప్పేది కాదు. "నీకేం తక్కువైందక్కా?" అంటే, "మీరుండారు కదా, నాకేం తక్కువ!" అని దాటవేసేది.

ఆటలో ఊళ్ళకున్న ఇంగ్లీషు పేర్లు మా నోట తిరగవని ఆమే కొత్త పేర్లు పెట్టింది. ఆనకట్ట మైలవరం అయింది, కొండమీది కోట గండికోట అయింది, సరుకులు బాగా దొరికే చోటు ప్రొద్దుటూరు బజారు. మా ఊరి పేరు లేదని నేను పోట్లాడితే, చెట్టూ చేమా లేని ఒక బీడు చూపించి, "ఇది మీ లింగాల. తోట నువ్వే పెట్టుకో" అంది.

ఒకసారి జిలాన్ మా ఇద్దరినీ జీపులో ఎక్కించుకుని నేరుగా మైలవరం నీళ్ళలో దింపాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క మాత్రం, "సరే, తడిసినాం. గట్టుకు పాండి" అని ఊరుకుంది. ఆమె మెతకదని నాకు అనిపించింది. తరువాత జమ్మలమడుగు పోయినప్పుడు జిలాన్ అంగట్లో అసలు సంగతి తెలిసింది.

"ఊరుకుండేదేందన్నా? ఆటైనాక ఫోన్ చేసి వాయించింది" అన్నాడు వాడు. "తిట్టేది ఉంటే చెవిలో తిడతాది. మెచ్చుకునేది ఉంటే నలుగురిలో చెప్తాది."

వాడు ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహం వెలిగిపోవడం చూసి నాకు అసూయ కలిగింది. నన్నూ అలా తిడితే బాగుండు అనిపించింది.

మా జట్టుకు ఒక రోగం ఉండేది. ఆటలో అక్క దెబ్బ తగిలి పడిపోతే ఇద్దరమూ ఎక్కడి పని అక్కడ వదిలేసి ఆమెను లేపడానికి పరుగెత్తేవాళ్ళం. పెద్దామె పడిపోతే చూస్తూ ఎలా ఉంటాం? మా పక్క ఎవరికైనా కాలు బెణికిందన్నా ఊరు ఊరంతా పోయి పలకరించి వస్తుంది. శత్రువులు ఆమె పక్కనే కాపు కాసి మా ఇద్దరినీ తీరిగ్గా కాల్చేవాళ్ళు. అలా గెలవాల్సిన ఆటలు ఎన్నో పోగొట్టుకున్నాం.

"నేను పడితే పరామర్శకు వస్తారేందిరా! పండ్లు గూడా తెస్తాండారా?" అని అరిచేది. నవ్వేవాళ్ళం. మళ్ళీ పరుగెత్తేవాళ్ళం.

అప్పుడే ఆమెకు హెడ్మాస్టరుగా దువ్వూరు మండలానికి బదిలీ అయింది. రోజూ బస్సు ప్రయాణం, బడి బాధ్యత. పులివెందులలో జరగబోయే పోటీయే కెప్టెన్‌గా తనకు ఆఖరుదని చెప్పేసింది. ఆ తరువాత జట్టు మీ ఇష్టం అంది. ఆ జట్టు లేకపోతే నాకు మిగిలేది మా నాయన ఆజ్ఞలే. అక్క లేకుండా మేమిద్దరం ఒక్క ఆట కూడా నిలబడింది లేదు.

పోటీ ఒక కళ్యాణమండపంలో. తలుపు దగ్గర కుర్రవాడు అక్కను చూసి, "మేడం, పిల్లోళ్ళను తోడుకొచ్చినారా?" అన్నాడు. "తోడుకొచ్చినా. నేనూ ఆడతా" అని ఆమె లోపలికి నడిచింది. చాలామంది నవ్వారు. మేం చివరి ఆటకు చేరేసరికి ఆ నవ్వినవాళ్ళే కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

ఆ చివరి ఆటలో, ఇంకా సగం కూడా కాకుండానే, అక్క పడిపోయింది. గండికోట కింద, బయలులో. నా వేలు ఆమె వైపు కదిలింది. పక్క కుర్చీలోనే ఉంది కదా, తలతిప్పి చూశాను. ఆమె ఫోను బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"నన్ను సూడొద్దు. హాజరు నువ్వు తీసుకో."

మా నాయనలాగా ఏదో అరవబోయాను. నోటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"జిలాన్, యాడుండావు? ఏం తక్కువైంది?"

"మిద్దె మింద ఉండానన్నా. మందు లేదు. తూటాలు శానా ఉండాయి."

నా దగ్గర మందు ఉంది, తూటాలు లేవు. ఎవరు ఎటు పోవాలో ఆ రెండు మాటల్లోనే తెలిసిపోయింది. నేను అక్కను బయలులోనే వదిలేసి మిద్దె ఎక్కాను. ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకుని చాలాసేపు నిలబడ్డాం. రెండో స్థానం వచ్చింది. కప్పు వేరేవాళ్ళు ఎత్తుకుపోతున్నా అక్క మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉంది.

"ఓడిపోతిమి కదక్కా" అన్నాను.

"పరామర్శకు రాలేదు. అదే శానా!"

ఇప్పుడు తోట దగ్గర కాయలు ఏరి లోడు ఎత్తే పని నా చేతిలో ఉంది. పొద్దున్నే మనుషుల్ని నిలబెట్టి, ఎవరు ఎక్కడ, ఎవరికి ఏం తక్కువ అని అడిగిన తరువాతే పని మొదలుపెడతాను. "కూలోళ్ళకు చెప్పాల గానీ అడిగేదేందిరా!" అని మా నాయన మొదట్లో విసుక్కున్నాడు. ఈమధ్య ఆయనే ఫోన్ చేసి, "యాడుండావు? ఏమన్నా తక్కువైందా?" అంటున్నాడు. నేను హాజరు చెప్పినట్టే చెప్తాను. లోపల భలే సంతోషంగా ఉంటుంది.

మొన్న చీర కొన్న తరువాత అక్క ఇంటికి పోతే తాళం వేసి ఉంది. దువ్వూరు బస్సు ఇంకా రాలేదు. చేసేదేమీ లేక లింగాల వచ్చేశాం. తీరిక దొరికిన సాయంత్రాలు మేం ముగ్గురం ఇప్పటికీ ఆడతాం, ఇప్పుడు కెప్టెన్ నేను. ఆ సాయంత్రం ఆట మధ్యలో "హాజరు!" అన్నాను. ముందు మగ్గాల చప్పుడు వినిపించింది. ఆ వెనకే ఆమె గొంతు.

"బండరాయి ఎనక ఉండానప్పా. దెబ్బ తగిలింది, మందు తక్కువైంది. పంపుతావా?"

ఇన్నేళ్ళలో ఆమె తనకు తక్కువైంది చెప్పడం అదే మొదటిసారి.

"ఉండక్కా," అన్నాను, "పంపిస్తాండా."