గోడ మీద పని గీసిన మేడం

మా మేడం గారు గురువారం పొద్దున పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను గుంటూరు శివార్లలో ఒక ఇంటి పునాదుల దగ్గర ఉన్నాను. వాళ్ళ తమ్ముడి కూతురు ఫోన్ చేసి, "అత్తయ్య నిద్రలోనే వెళ్ళిపోయిందండీ. ముందు మీకు చెప్పమన్నారు నాన్న" అంది. ఫోన్ జేబులో వేసుకున్నాను. నా మొహం చూసి కంకర ఎత్తుతున్న వాళ్ళు ఆగారు. "మీరు కానివ్వండి" అన్నాను. ఆవిడ పక్కనుంటే అదే అనేవారు.

ఆవిడ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెప్పేవారు. నేను ఆవిడ క్లాసులో కూర్చున్నవాణ్ణి కాదు, పాలిటెక్నిక్ డిప్లొమా చేతపట్టుకుని పనిలోకి దిగినవాణ్ణి. అయినా నీ గురువెవరని ఎవరైనా అడిగితే మరొకరు నాకు గుర్తు రారు.

ఎనభైల నడిమి సంగతి ఇది. సత్తెనపల్లి రోడ్డులో ఒక మిర్చి వ్యాపారి కోల్డ్ స్టోరేజీ కట్టిస్తుంటే నేను అక్కడ సూపర్‌వైజర్‌ని, కూలీల నోట సాయిబుని. మన వైపు కట్టడాలు ఎందుకు ఆలస్యమవుతాయి, చేతినిండా మనుషులుండి కూడా పని ఎందుకు సాగదు అన్నది మేడం గారి పీహెచ్‌డీ పరిశోధన. మా సైటు చూస్తానని వస్తే యజమాని సంబరంగా ఒప్పుకున్నాడు.

"ఈ కూలోళ్ళు ఎంత సోమరిపోతులో మీరే కళ్ళారా చూసి రాయండి మేడం. మీలాంటి చదువుకున్నోళ్ళు రాస్తే నలుగురూ నమ్ముతారు."

"చూసింది రాస్తానండి" అన్నారావిడ.

చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, కాళ్ళకి మగవాళ్ళ కాన్వాస్ బూట్లు తొడుక్కుని, నెత్తిన తడి తువ్వాలు వేసుకుని వచ్చేవారు. మొదటిరోజు ఆడకూలీలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడా వాళ్ళతోపాటు నవ్వారు. సైటులో అడుగు పెట్టగానే చేతి గడియారం తీసి సంచిలో వేసుకునేవారు. పరిశోధనకి గడియారం ఉండాలి కదా అన్నాను.

"గడియారం పెట్టుకుని నెత్తిమీద నిలబడితే మనిషి పని చెయ్యడయ్యా. చేస్తున్నట్టు కనబడతాడు."

ఆడకూలీల ముఠాకి పెద్ద మరియమ్మ. పక్క పల్లె నుంచి తన వాడవాళ్ళని వెంటేసుకుని వచ్చేది. ఆదివారం చర్చి మానదు, మిగతా రోజులు పని మానదు. మేడం గారు ఆమె పక్కనే ఇటుకల మీద కూర్చున్నారు.

"మేం తట్టలు మోస్తంటే చూసి ఏం రాస్తారమ్మా?" అంది మరియమ్మ.

"మోసేటప్పుడు కాదు, ఊరికే నిలబడ్డప్పుడు చూస్తాను. ఎందుకు నిలబడ్డారో నువ్వు చెప్పాలి."

"నిలబడక ఏం చెయ్యమంటారు? ఇసక అయిపోయింది. లారీ వచ్చిందాకా ఆకాశాన్ని మొయ్యమంటారా?"

మేడం గారు పగలబడి నవ్వారు. ఆ మాట తర్వాత ఎన్ని చోట్ల చెప్పారో! అక్కణ్ణుంచి వరసగా కూర్చుని చూశారు. ఇసక ఒక మూల, నీళ్ళ తొట్టి ఇంకో మూల, కాంక్రీటు కలిపే మిల్లరు మరో మూల. సెంట్రింగ్ చెక్క రాక రాడ్లు కట్టేవాళ్ళు ఖాళీ. రాడ్లు అవక కింద ఆడవాళ్ళు ఖాళీ. రేపు ఏం పనో యజమానికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకు కూడా సగమే తెలుసు. ఆ సాయంత్రం ఆవిడ నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "బద్ధకం కారణం కాదయ్యా. కారణం వెతకనివాడు పెట్టుకున్న పేరు."

మర్నాడు సున్నం, బొగ్గు తెప్పించి ప్రహరీగోడ మీద బొమ్మలు గీశారు. స్తంభాలు, వాటి మీద కప్పు, గోడలు, తలుపులు, ఏది ముందో ఏది వెనకో వరసగా. చదువు రానివాళ్ళకి వారాలు తెలియాలని ప్రతి ఆదివారానికీ ఒక శిలువ గుర్తు పెట్టారు. భోజనాల వేళ మగా ఆడా అందరూ గోడ ముందు మూగారు.

యజమాని అది చూసి మండిపడ్డాడు. "కూలోళ్ళకి ప్లాను చూపించేదేందండీ? రేపటి పని తెలిస్తే ఇయ్యాళే నెత్తికెక్కుతారు."

"తెలియకపోతే రేపు రానే రారు. ఏది నయమో మీరే చూసుకోండి."

ఆ మాట ఇంకా పూర్తి కాకముందే మరియమ్మ గోడ మీద ఒక శిలువ పక్కన వేలు పెట్టింది. "మేడం గారూ, కప్పు పోసేది ఇక్కడా? అప్పుడు మేముండం. మిరపకోతలు."

అందరం తెల్లబోయాం. యజమాని పుట్టి పెరిగిందే మిరపకాయల్లో. ఆ సీజనుకి కాయలు నింపాలనే ఈ కట్టడం. ఆ కాయలు కోసేవీ, ఈ కప్పు పోసేవీ ఒకే చేతులన్న సంగతి మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు. కోతలకి పోతే కూలితోపాటు ఏడాదికి సరిపడా కారం ఇంటికొస్తుంది. వాళ్ళు ఎందుకు మానతారు?

"మీరు కాకపోతే కనిగిరి నుంచి కూలోళ్ళని దింపుతా! రేపట్నుంచి వీళ్ళని రావద్దను" అని యజమాని నా మీద కేకలేశాడు. మరియమ్మ మొహం పాలిపోయింది. ఆమె వెనక ఉన్నవాళ్ళకి కోతలయ్యాక బతుకు ఆ సైటే.

మేడం గారు గొంతు పెంచలేదు. "కనిగిరి వాళ్ళు మాత్రం అప్పుడు ఎక్కడుంటారండీ? మీ వైపు మిరపచేలల్లోనే కదా. మనుషుల్ని మార్చకండి, వరస మార్చండి. కప్పు కోతలకి ముందుకి జరపండి. కోతలప్పుడు తాపీమేస్త్రీలు తమంతట తాము చేసుకునే పని పెట్టుకోండి."

"అప్పటికి సిమెంటు ఎవరిస్తారు? పని చెడితే మీ కాలేజీ కట్టిస్తదా?"

"చెడితే నన్నే అడగండి. పోసే రోజు నేనూ ఇక్కడే ఉంటాను."

మరియమ్మ ఒకడుగు ముందుకేసింది. "ముందు పెట్టండయ్యా. మా వాడ వాడంతా వస్తది."

యజమాని గోడ వంక చూశాడు. స్కూటరెక్కి సిమెంటు కోసం పోయాడు. సిమెంటు దొరకడం గగనమైన రోజులవి.

కప్పు పోసే రోజు మధ్యాహ్నం మిల్లరు బెల్టు తెగింది. సగం పోసిన శ్లాబు ఆపితే అతుకు పడుతుంది, నీరు దిగుతుంది. మేడం గారు ముందు రోజే, "యంత్రం ఆగితే ఏం చేస్తావు?" అని అడిగి, ఇనుప రేకులూ పారలూ పక్కన పెట్టించారు. ఆ రేకుల మీద మాలు చేత్తో కలిపాం. మరియమ్మ వాడ నిజంగానే కదిలొచ్చింది. వరసలో ఒక మనిషి తక్కువైతే మేడం గారు వెళ్ళి నిలబడి తట్టలు అందుకున్నారు. పొద్దు వాలేసరికి ఆఖరి తట్ట పడింది. యజమాని అందరికీ గోలీసోడాలు తెప్పించాడు. ఆయన నోటితో చెప్పలేని మాట అదేనని మేం అర్థం చేసుకున్నాం. ఆ సీజను కాయలు ఆ కోల్డ్ స్టోరేజీలోనే నిలవయ్యాయి.

మేడం గారికి మాత్రం అంత తేలిగ్గా కాలేదు. మిరపకోతల గురించీ, గోడ బొమ్మల గురించీ రాసిన అధ్యాయం తీసెయ్యమన్నారట ఆవిడ గైడు, ఇది ఇంజనీరింగ్ కాదని. "అది తీస్తే మిగిలేది అట్టలే సార్" అని చెప్పి వచ్చేశారు. డిగ్రీ ఏళ్ళ తరబడి ఆగింది. ఆవిడకన్నా వెనక చేరినవాళ్ళు ప్రొఫెసర్లయ్యారు. ఆ రోజుల్లో ఒకసారి, "బాధగా లేదా మేడం?" అని అడిగాను. "ఉందయ్యా" అన్నారు. దాచుకోవడం ఆవిడకి తెలియదు. "కానీ మరియమ్మకి ఏం చెప్పమంటావు? నువ్వు ఇంజనీరింగ్‌లోకి రావన్నారని చెప్పనా?"

గైడు మారాక ఎట్టకేలకు డిగ్రీ వచ్చింది. ఆ థీసిస్ పుస్తకం పట్టుకుని ఆవిడ నేరుగా మరియమ్మ ఇంటికే వెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని. కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు ఆమెదే. చదివి వినిపిస్తే మరియమ్మ నమ్మలేదు. "నా పేరు ఇంగిలీసులో ఎట్టుంటదో చూపీ సాయిబూ" అని నన్నడిగింది. చూపించాను. చెయ్యి చీరకి తుడుచుకుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇంతేనా?" అంది. మేడం గారు, "ఇంతే. చాలదా?" అన్నారు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

తర్వాత ఆవిడ ఏటా పిల్లల్ని సైటులకి తీసుకుపోయి, ముందు కూలీల పేర్లు తెలుసుకు రమ్మనేవారు. ఆ పిల్లలు ఇవాళ పెద్ద పెద్ద పనులు నడుపుతున్నారు. నేను పట్టిన ప్రతి పనికీ ఈనాటికీ ముందు గోడే వెతుకుతాను.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నారు. ఆనుకుని ఉన్న పక్కింటి మీద కొత్తగా అంతస్తు వేసినట్టున్నారు, శ్లాబు గట్టిపడాలని ఒకావిడ పైనుంచి పైపుతో నీళ్ళు పడుతోంది. అంచున జారిన నీళ్ళు ఈ కిటికీ ముందు ధారగా పడుతున్నాయి. మేడం గారు ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపి పట్టుకున్నారు. పైనావిడ తొంగి చూసి, "అయ్యో, తడుస్తన్నారు పెద్దమ్మా, ఆపుతానుండండి" అంది.

"ఆపకు తల్లీ, కప్పు ఇంకా పచ్చిగానే ఉంది" అన్నారు మేడం గారు. నీళ్ళు ఆవిడ అరచేతిలో నిండి, వేళ్ళ సందుల్లోంచి, మోచేతి దాకా కారుతూనే ఉన్నాయి.