దీవెనరావు ఉపవాసం

దూడను అమ్మకుండా కాపాడబోయి, ఆ దూడనే వేలానికి పెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. అదీ చాటుగా కాదు. మెడలో బంతిపూల దండ వేసి, సంఘమంతా చూస్తుండగా, నా చేతులతో నేనే తీసుకెళ్ళి అప్పజెప్పాను. అప్పుడు నా ముఖం ఎలా ఉందో ఫోన్లో తీసినవాళ్ళున్నారు. వాళ్ళను నేనింకా క్షమించలేదు. క్షమించాలని ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాననుకోండి.

నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. పాలంటే ప్యాకెట్టు. ఆ ప్యాకెట్టుకు ఒక పూర్వాశ్రమం ఉంటుందనీ, అది తోక ఊపుతుందనీ, తంతుందనీ పెళ్ళయి నరసాపురం దగ్గర కాలువ గట్టు మీది ఊరికి కాపురానికి వచ్చాకే తెలిసింది. మా ఆయన ప్రభాకర్ స్కూల్లో లెక్కల మాస్టారు. మా అత్తగారు సువార్తమ్మ గారు. గేదెలకూ, కొబ్బరిచెట్లకూ, మాటలకూ ఆవిడ దగ్గర లోటు లేదు. మొదటి రెండూ అప్పుడప్పుడు తగ్గేవి.

ఆ ఏడాది వానలు పడుతుండగా తొలిచూలు గేదె ఈనింది. దున్నదూడ. ఆ గేదెకు తల్లి కావడం బొత్తిగా నచ్చినట్టు లేదు, దూడ పొదుగు దగ్గరకు వస్తే చాలు తన్ని తరిమేది. దూడ మూలన నిలబడి వణుకుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

"పాపం, దీన్నేం చేస్తామండీ అత్తయ్యగారూ?" అన్నాను.

"ఏం చేస్తాం? దున్నదూడ పాలిచ్చేదా, పెరుగిచ్చేదా? పొలం చూస్తే ట్రాక్టరే దున్నేస్తుంది. కాస్త కండపట్టేక గంగరాజుకి ఇచ్చేద్దాం."

గంగరాజు పశువుల బేరగాడు. ఆయన తోలుకెళ్ళిన దూడలు ఎక్కడికి వెళతాయో ఊళ్ళో ఎవరూ అడగరు. నేను మాత్రం అడిగాను. జవాబు విన్నాక ఆ పూట అన్నం సహించలేదు.

"నేను పెంచుతానండి!"

"నువ్వా? మొన్న గేదె తుమ్మితే వీధి గుమ్మం దాకా పారిపోయేవు!"

మర్నాడే మెడికల్ షాపుకు వెళ్ళి పసిపిల్లల పాలసీసా కొన్నాను. షాపతను నా పొట్ట వంక చూసి, నవ్వి, శుభాకాంక్షలు చెప్పాడు. ఏమని చెప్పను? థాంక్సండీ అని వచ్చేశాను.

దూడకు దీవెనరావు అని పేరు పెట్టాను. మొదట్లో సీసా నోట్లో పెడితే ఉమ్మేసేవాడు. ఏం చెయ్యాలో తోచక, మా అమ్మ రోజూ తెల్లవారి పాడే కీర్తన ఎత్తుకున్నాను. అంతే! చెవులు రెండూ నిక్కబొడుచుకుని గటగటా తాగేశాడు. ఇక అది మొదలు, కీర్తన లేకపోతే నోరు తెరిచేవాడు కాదు. కీర్తన వింటే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాడు. ఇంతకన్నా భక్తి ఎవరికుంటుంది చెప్పండి? మా ఆయనకే లేదు.

దాంతో నాకు లోకమంతా కొత్తగా కనిపించసాగింది. రోజూ వంట అవగానే కాలువ గట్టు మీదకు వెళ్ళి, ప్రకృతిని గమనిస్తూ గంటల తరబడి కూర్చునేదాన్ని. నీళ్ళ మీద ఎండ పడితే ఒక ప్రసంగం, లకుముకిపిట్ట మునిగి లేస్తే ఒక ప్రసంగం. ఇంటికొచ్చి అత్తగారికి అప్పజెప్పేదాన్ని.

"చూశారా అండీ, గేదె వీపు మీద కొంగ ఎంత నమ్మకంగా కూర్చుందో! అదే సహవాసమంటే."

"ఒంటికి పట్టిన గోమార్లు ఏరుకు తింటుందే అమ్మా."

"చెరువులో గేదెలన్నీ కళ్ళు మూసుకుని, ఎంత ధ్యానంలో ఉన్నాయో!"

"ఉక్కపోత."

ఇలాంటి మనిషికి ప్రకృతి గురించి ఏం చెబుతాం అని జాలిపడేదాన్ని. ఆవిడ నా గురించి ఏమనుకునేవారో ఈ కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఇంతలో ఒక విచిత్రం జరిగింది. పొద్దునా సాయంత్రం సీసా ఖాళీ చేసే దీవెనరావు మధ్యాహ్నం మాత్రం పాలు ముట్టడం మానేశాడు. కీర్తన పాడితే కళ్ళు సగం మూసి, తల వంచి వింటాడు. సీసా పెడితే ముఖం తిప్పుకుంటాడు. జబ్బేమోనని హడలిపోయి పశువుల డాక్టరు గారిని పిలిపించాను. ఆయన పొట్ట నొక్కి చూసి, "వీడికేం అమ్మా, నిక్షేపంలా ఉన్నాడు. మీరే కాస్త చిక్కేరు" అన్నారు.

జబ్బు లేదు, అయినా తినడు. మరేమిటి? నాకు ఠక్కున వెలిగింది. ఉపవాసం! పైగా ఒళ్ళు మాత్రం తగ్గడం లేదు. ఇంకేం రుజువు కావాలి?

ఊరుకున్నానా? చర్చిలో స్త్రీల సమాజంలో లేచి నిలబడి, మా దూడ మధ్యాహ్నం పూట ఉపవాస ప్రార్థన చేస్తోందని సాక్ష్యం చెప్పాను. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు, అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలో మా అత్తగారికి మాత్రం పొలమారింది. ఎంతకీ దగ్గు ఆగక బయటికి వెళ్ళిపోయారు. అయ్యో, దుమ్ము పడలేదనుకున్నాను.

కోతలయ్యాక ఒక సాయంత్రం గంగరాజు మా అరుగు మీద కూర్చుని టీ తాగుతూ కనిపించాడు.

"కోత పండుగ వెళ్ళేక రావయ్యా, చూద్దాం" అంటున్నారు అత్తగారు.

ఆ రాత్రి నిద్రపట్టక ఒక ఉపాయం పన్నాను. చర్చిలో జరిగే కోత పండుగ నాడు దూడను గుడికి తీసుకెళ్ళి పాస్టరు అయ్యగారి చేత దీవింపజేస్తే సరి! అయ్యగారు చెయ్యిపెట్టిన దూడను బేరగాడికి ఏ సువార్తమ్మ అమ్ముతుంది? నా తెలివికి నేనే మురిసిపోయాను. అదేం తెలివో చూడండి మరి.

పండుగ పొద్దున మా ఆయన మందిరం అలంకరించడానికి ముందే వెళ్ళిపోయారు. నేను దీవెనరావుకు స్నానం చేయించి, దండ వేసి, తాడు పట్టుకుని బయలుదేరుతుంటే అత్తగారు గుమ్మంలో ఆగిపోయారు.

"గుడికే?"

"ఆయ్, అవునండి."

"బాగా ఆలోచించుకున్నావా?"

"గట్టిగా ఆలోచించానండి."

ఆవిడ ముఖం చిన్నబోయింది. చేతిసంచీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. గెలిచాననుకున్నాను.

గుడిలో బల్ల ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, కొత్త బియ్యం, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. వాటి మధ్య నిలబెట్టాను దీవెనరావును. అయ్యగారు పరవశించిపోయి తల మీద చెయ్యి పెట్టి, దూరపు లంకల్లోని వాళ్ళకు కూడా వినపడేలా ప్రార్థన చేశారు. నేను "ఆమేన్" అని అందరికన్నా గట్టిగా అన్నాను.

మా ఆయన కంగారుగా నా పక్కకొచ్చారు.

"ఏంటిది? దూడనెందుకు ఇచ్చేసేవు?"

"ఇవ్వడమేంటండీ? దీవెనకి తెచ్చాను. ఆరాధన అవగానే తీసుకెళ్ళిపోతాం."

"ఓసి నీ దుంపతెగ! కోత పండుగకి బల్ల ముందు పెట్టింది దేవుడికిచ్చేసినట్టే. ఇప్పుడు అన్నీ వేలం వేస్తారు!"

మా రాజమండ్రి గుడిలో కోత పండుగంటే కవర్లో కానుక పెట్టి ఇవ్వడమే. కవరును ఎవరూ వేలం వెయ్యరు. కుడితిలో పడ్డ ఎలుకకు కనీసం కుడితైనా దక్కుతుంది. నాకు గుమ్మడికాయ కూడా దక్కేలా లేదు.

వేలానికి ఊళ్ళోని అన్ని మతాలవాళ్ళూ వస్తారు. ముందు వరసలోనే కూర్చున్నాడు గంగరాజు. గుమ్మడికాయలు పోయాయి, కోళ్ళు పోయాయి, దూడ వంతు వచ్చింది. గంగరాజు చెయ్యెత్తాడు. నేను అంతకన్నా పైకి చెయ్యెత్తాను. ఇంకెవరూ ఎత్తకముందే కంగారులో మళ్ళీ ఎత్తాను.

"అమ్మా, మీ మీదే మీరు పెంచుకుంటున్నారు" అన్నారు అయ్యగారు. గుడంతా ఒకటే నవ్వు.

ఆ నవ్వులో ఆయనకు నా సాక్ష్యం గుర్తొచ్చింది. "ఇది సామాన్యమైన దూడ కాదండి, ఉపవాసముండే దూడ! అమ్మా, మీరా కీర్తన ఎత్తుకోండి. దాని భక్తి అందరూ చూస్తారు" అన్నారు.

ఏడుపు గొంతుతో ఎత్తుకున్నాను. దీవెనరావు చెవులు లేచాయి. ఒక్క గుంజుతో తాడు విడిపించుకున్నాడు. నా దగ్గరకే వస్తున్నాడని చేతులు చాచాను. నన్ను దాటిపోయాడు! ఆడవాళ్ళ వరసల్లోకి దూసుకెళ్ళి, తిన్నగా మా అత్తగారి ఒళ్ళో తల పెట్టి, ఆవిడ చేతిసంచీని కుమ్మడం మొదలుపెట్టాడు.

"ఛీ, పో! ఎవరి దూడవిరా నువ్వు?" అంటూనే ఉన్నారు ఆవిడ. సంచీ తిరగబడింది. కీర్తనల పుస్తకం, కళ్ళజోడు, వాటి వెనకే దొర్లుకుంటూ ఒక పాలసీసా. నిండుగా, గోరువెచ్చగా. నా సీసా కాదు. ఇంకోటి.



అత్తగారు లేచి నిలబడి, కొంగు సర్దుకుని, గంగరాజు వైపు ఒక్క చూపు చూసి చెయ్యెత్తారు.

"సువార్తమ్మగారితో పోటీయా? నా వల్ల కాదండి బాబూ" అని గంగరాజు రెండు చేతులూ దించేశాడు.

దూడను తోలుకుని ఇంటికి వచ్చాం. దూడను కట్టేశాక అడిగాను.

"అయితే ఆ ఉపవాసం..."

"ఉపవాసమా, నా బొందా! నువ్వటు గట్టెక్కగానే ఇటు అంబా అని ఒకటే గోల. కడుపునిండా పట్టేసేదాన్ని. ఇంక నువ్వొచ్చి పెడితే ఎక్కడ పడతాయి? పైగా నీ కీర్తన లేందే నోరు తెరవడు వెధవ. ఈ వయసులో ఆ రాగం నేర్చుకోలేక చచ్చేను."

"మరి ఆ రోజు సమాజంలో దగ్గొచ్చింది..."

"నవ్వు ఆపుకుంటే దగ్గే వస్తుంది."

"గంగరాజుకి అమ్మేస్తానన్నారు కదండీ?"

"అన్నాను. అన్నప్పుడల్లా పండుగ వెళ్ళేక, పంట వెళ్ళేక అన్నాను. అది వినపడలేదేం? పొద్దున నువ్వు దండేసి తీసుకెళ్తుంటే, దేవుడికిచ్చేస్తున్నావు కాబోలు, వద్దనడానికి నేనెవరిననుకున్నాను. ఆఖరిసారి పాలు పడదామని సీసా సంచీలో పెట్టుకున్నాను." అంటూ అటు తిరిగి ముక్కు చీదుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. నేను మాత్రం అటు తిరగలేదు, అక్కడే ఏడ్చేశాను.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దేవుడి ప్రేమ ఎలా ఉంటుందో చూద్దామని నేను కాలువ గట్టున కొంగల వెంట పడ్డాను. అదే సమయానికి అది మా పశువులపాకలో, శ్రుతి తప్పిన గొంతుతో, దున్నదూడకు పాలు పడుతోంది.

దీవెనరావు ఇప్పుడు పాకలో సగం తనే ఉంటాడు. అయినా మధ్యాహ్నం కాకముందే పాకలోంచి ఆ కీర్తన వినపడుతుంది. ఏంటండీ అంటే "కుడితి పెడుతున్నాను, నోరు మూసుకుని పెట్టాలా?" అంటారు. అందుకే ప్రకృతిని గమనించడానికి ఇప్పుడు గట్టు దాకా వెళ్ళడం లేదు. గడ్డిమేటు వెనక నిలబడితే చాలు, అన్నీ కనిపిస్తాయి.

కాబట్టి దేవుని ఎదుటా, చదువుతున్న మీ ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పశువు భక్తికీ నేను సాక్ష్యం చెప్పను. ఒకవేళ మా ఇంట్లో ఇంకెవరైనా ఉపవాసమున్నట్టు కనిపిస్తే, స్తోత్రం అనే ముందు మా అత్తగారి సంచీ వెతుకుతాను.